ఖాళీ వదిన గీసిన నది

మా వదిన దేన్నయినా సరిగ్గా చూడాలనుకుంటే కళ్ళు సగం మూస్తుంది. వీధి చివర కొత్త దుకాణానికి కట్టిన బోర్డు కావచ్చు, పక్కింటి పాప గోడ మీద గీసిన ఏనుగు కావచ్చు, వానకు ముందు ఆకాశం కావచ్చు. రెప్పలు వాల్చి, తల కొంచెం వెనక్కి వంచి, నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఆగిపోయినట్టు కాసేపు నిలబడుతుంది. పెళ్ళయిన కొత్తలో అది చూసి మా అన్నయ్య హడలిపోయాడు.

“కళ్ళు తిరుగుతున్నాయా?” అని అడిగాడు.

“లేదండీ. చూస్తున్నాను.”

“చూడాలంటే లోకంలో అందరూ కళ్ళు తెరుస్తారే!”

“తెరిస్తే అన్నీ కనబడతాయి. ఇలా చూస్తే ఉండాల్సింది మాత్రం మిగులుతుంది.”

అన్నయ్య లెక్కల మాష్టారు. ఉన్నవన్నీ కలిపితేనే మొత్తం అని నమ్మినవాడు. తీసేయగా మిగిలింది మొత్తం ఎలా అవుతుందో అర్థం కావడానికి తనకి చాలా రోజులు పట్టింది.

వదిన ఉద్యోగం స్లైడ్లు తయారు చేయడం. రోడ్లూ, నీటి గొట్టాలూ, ఆసుపత్రి భవనాలూ ఎలా కట్టాలో సలహాలిచ్చే ఒక పెద్ద ఆఫీసు అది. పై అంతస్తుల్లోని ఇంజనీర్లు ఎక్కడెక్కడికో వెళ్ళి, ఎవరెవరి ముందో నిలబడి మాట్లాడతారు. వాళ్ళ వెనక తెర మీద వెలిగేది వదిన చేసి ఇచ్చినదే. ఆమె గది కింద, మెట్ల పక్కన. ఒకటే కిటికీ, దానికి మందపాటి నల్ల పరదా. ప్రొజెక్టర్ వెలిగిస్తే ఆ వెలుగు బాటలో దుమ్ము కణాలు ఎటూ వెళ్ళే తొందర లేనట్టు తేలుతుంటాయి. సాయంత్రాలు నేను కాలేజీ నుంచి అటుగా వెళ్ళి తలుపు తోస్తే, చిట్టచివరి కుర్చీలో, చెరువు అడుగున కూర్చున్న మనిషిలా కనిపించేది. తన చుట్టూ ఆ వెలుగు నీళ్ళలా కదిలేది.

ఎవరైనా పని మీద వస్తే ముందు వాళ్ళ లాప్‌టాప్ మూయిస్తుంది. “మీ ఇంట్లో వాళ్ళకి చెప్పినట్టు నాకు చెప్పండి” అంటుంది. వాళ్ళు చెబుతారు. ఆమె ఏమీ రాసుకోదు, వాళ్ళ చేతులు చూస్తూ కూర్చుంటుంది. మాట చాలని చోట మనిషి చెయ్యి దానంతట అదే గాల్లోకి లేచి ఏదో గీస్తుందట. స్లైడు కావలసింది అక్కడే. చెయ్యి కదలని చోట మాట సరిపోతుంది. తర్వాత తను గీసింది తెర మీద వేసి, చివరి కుర్చీలోకి వెళ్ళి, కళ్ళు సగం మూస్తుంది. మసకలో కరిగిపోయినవన్నీ తీసేస్తుంది. మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది, మళ్ళీ తీసేస్తుంది. ఒక స్లైడు మీద రెండు సంగతులు పెడితే, ఒకే గుమ్మంలోంచి ఒకేసారి దూరబోయి ఇరుక్కున్న ఇద్దరు మనుషుల్లా ఉంటాయంటుంది.

చీమ తలకాయంత అక్షరాలతో నిండిన స్లైడ్లు పట్టుకొచ్చినవాళ్ళు, వాటిలో మూడొంతులు మాయమయ్యేసరికి లబోదిబోమంటారు. అకౌంట్స్ విభాగం పెద్దాయన అయితే ఒకసారి తన స్లైడుని పైనుంచి కిందికి రెండుసార్లు చూసుకున్నాడు. చివరికి అడిగాడు:

“ఇంత జాగా ఖాళీగా వదిలేశావేం తల్లీ? అద్దెకిద్దామనా?”

“అది మీకోసమేనండీ. మీరు మాట్లాడేటప్పుడు జనం కళ్ళు కాసేపు కూర్చోవడానికి.”

“నా మాటలకి జనం కళ్ళు కూర్చోవమ్మా, పడుకుంటాయి.”

ఆ రోజు నుంచి ఆఫీసులో ఆమెకి ఖాళీ అనే పేరు పడింది. ఇంట్లో మేం దానికి వదిన తగిలించాం. ఆమెకి కోపం రాలేదు. పైగా ఆ పేరు విన్నప్పుడల్లా, ఎవరో మెచ్చుకున్నట్టు మొహం పక్కకి తిప్పుకుని నవ్వేది.

ఆమె చిన్నతనం లాంచీలో గడిచింది. మా ఊరిని చీల్చుకుంటూ పోయే నది చాలా వెడల్పయినది. వాళ్ళ ఇల్లు అవతలి గట్టున. అమ్మ ఇవతలి గట్టున ఆసుపత్రి బట్టలుతికే గదుల్లో పని చేసేది. పొద్దున్నే పిల్లని లాంచీ నడిపే తమ్ముడి దగ్గర వదిలి వెళ్ళేది. అలా వదిన మేనమామ దగ్గర, చుక్కాని చక్రం పక్కన చిన్న పీట మీద కూర్చుని, అటూ ఇటూ తిరుగుతూ పెరిగింది. అక్షరాలు అక్కడే దిద్దింది. అన్నం అక్కడే తింది. మంచు కమ్మిన రోజుల్లో ముందు గట్టూ కనబడక, వెనక గట్టూ కనబడక, తెల్లటి కాగితం మధ్యలో పడవ ఆగినట్టు ఉండేదట. ఇప్పటికీ ఆమెకి వచ్చే కలల్లో రంగులుండవు. అంతా తెల్లగా ఉంటుంది, దూరంగా ఎక్కడో ఒక ఇంజను చప్పుడు మాత్రం వినిపిస్తుంటుంది.

ఆ మేనమామ ఇంకా లాంచీ నడుపుతూనే ఉన్నాడు. ఊరంతా ఆయన్ని సరంగు మామయ్య అంటారు. ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే ‘అల్లుడుగారూ, ఇంట్లో మనుషులున్నారా, లెక్కలే ఉన్నాయా?’ అని కేకేసే మనిషి, ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

“లాంచీ ఆపేస్తారట” అన్నాడు.

ఎగువన కొత్త వంతెన కట్టారు. వంతెన ఉండగా లాంచీ దేనికని రవాణా మండలి అడుగుతోంది. దాటేవాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే, వచ్చి చెప్పుకోవడానికి మండలి ఒక పూట ఇచ్చింది. చెప్పాల్సింది సరంగే.

“ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను గానీ, జనం ఇంకా ఏటి మధ్యలో ఉండగానే తగలేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా” అని ఆయన వదిన వైపు తిరిగాడు. “నీళ్ళ మీద ఎంతైనా మాట్లాడతాను తల్లీ. నేల మీద నిలబెడితే నా వల్ల కాదు. నువ్వు పెద్ద పెద్దవాళ్ళకి బొమ్మలు చేసి ఇస్తావటగా. నాకూ ఒకటి చేసి పెట్టు. లాంచీ పోతే అవతల గట్టు వాళ్ళ బతుకు ఆగిపోతుంది. నా సంగతి సరే, నాకేం, ఏ చెట్టు కిందో కూర్చుంటా.”

ఆయన ఏ చెట్టు కిందా కూర్చోలేడని మా అందరికీ తెలుసు.

వదిన ఆ వారమంతా మనలోకంలో లేదు. అన్నం తింటూ తింటూ పళ్ళెంలో వేలితో గీతలు గీసేది. ఆమె చేసిన స్లైడు నేను చూశాను. నిజంగా అందంగా ఉంది. తెల్లటి తెర మీద పై నుంచి కిందికి సన్నని నీలం గీత, నది. అటూ ఇటూ ఒక్కో చుక్క, రెండు గట్ల మీది ఊళ్ళు. చుక్కల మధ్య చిన్న గీత లాంచీ, కాస్త పైన నల్లగా, మందంగా వంతెన. ఇంకేమీ లేదు. కళ్ళు సగం మూసినా, మూడొంతులు మూసినా అన్నీ కనబడుతున్నాయి. “చాలా స్పష్టంగా ఉంది వదినా” అన్నాను. ఆమె కూడా తృప్తిగా తలూపింది.

మండలి సమావేశం పెద్ద హాల్లో జరిగింది. మధ్యలో అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు. ఆవిడ పక్కన మందపాటి కళ్ళజోడు పెట్టుకున్న సభ్యుడు, ఇంకొందరు. తెర మీద స్లైడు వెలిగింది. సరంగు మామయ్య దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడి నీళ్ళు నమిలాడు. ‘అయ్యా, జనం, పొద్దున్నే, ఆసుపత్రికి’ అని తడబడ్డాడు. ఆయన మాటలు ఎవరూ వినడం లేదు. అందరూ బొమ్మ చూస్తున్నారు.

కళ్ళజోడు సభ్యుడు మెచ్చుకోలుగా అన్నాడు: “ఎంత స్పష్టంగా గీశారండీ! ఇన్ని ఫైళ్ళు చదివినా అర్థం కానిది ఒక్క చూపులో అర్థమయింది. వంతెన పక్కనే ఉందిగా! రెండు వేళ్ళ దూరం. ఇక లాంచీ దేనికి?”

హాలు ఒప్పుకున్నట్టు కదిలింది. వదిన ప్రొజెక్టర్ పక్కన కూర్చుని ఉంది. ఆమె మొహం చూడలేక నేను నేల చూశాను.

నది మొత్తం, వంతెనా, లాంచీ అన్నీ ఒకే స్లైడు మీద పట్టాలని ఆమె బొమ్మని కుదించుకుంటూ వెళ్ళింది. కుదించే కొద్దీ బొమ్మ తేటపడింది. తేటపడే కొద్దీ వంతెన లాంచీకి దగ్గరయింది. తీసేయడంలో అంత నేర్పున్న మనిషి, చివరికి దూరాన్నే తీసేసింది.

“ఈ రోజు తేల్చడం లేదు” అంది అధ్యక్షురాలు. “వచ్చే సమావేశంలో నిర్ణయిస్తాం. ఇంకేమైనా చూపించదలుచుకుంటే అప్పుడు తీసుకురండి.”

బయట మెట్ల మీద మామయ్య ఆమెని ఒక్క మాట కూడా అనలేదు. చెప్పులు వేసుకుంటూ, నదిలో ఏదో పోగొట్టుకున్నవాడిలా, “బొమ్మ బాగుంది తల్లీ” అన్నాడు. “నా నది అంత సన్నదని నాకే ఇన్నాళ్ళూ తెలియలేదు.”

ఆ రాత్రి వదిన అన్నం తినలేదు. అన్నయ్య ఊరుకోబెట్టబోయాడు.

“నువ్వు తప్పేం గీశావు? కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేనే సరిచూశాను కదా.”

“కొలతలు సరిగ్గానే ఉన్నాయండీ. అదే నా భయం.”

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళింది. మంచు పట్టి ఉంది. లాంచీ గట్టుకి ఒరుసుకుని నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. ఆసుపత్రి పని ముగించుకున్న నర్సు ఒకామె, ఇంటికి వెళుతూ, ఎర్ర గొడుగు ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద జోగుతోంది. కుట్టు మెషీను తలని గోనెసంచిలో చుట్టుకుని, చంటిపిల్లలా హత్తుకుని ఒక దర్జీ కూర్చున్నాడు. ఊతకర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ అందరికంటే ముందు కూర్చుంది, అది తన సొంత లాంచీ అన్నట్టు.

“వంతెన మీంచి వెళ్ళొచ్చుగా బాబాయ్?” అని వదిన దర్జీని అడిగింది.

“వెళ్ళొచ్చు. చందమామ దగ్గరికి కూడా వెళ్ళొచ్చు. ఎవరొద్దన్నారు?”

“బస్సుందట కదా.”

ముసలమ్మ కలగజేసుకుంది. “ఆ బస్సెక్కితే ముందు నా మోకాళ్ళు దిగిపోతాయే అమ్మాయ్, నేను వెనక దిగుతాను. వంతెన దగ్గరికి ఒక బస్సు, దాటాక ఇంకో బస్సు. వెళ్ళేసరికి నా మనవరాలు నన్ను గుర్తుపట్టదు.”

“ఇప్పుడు మాత్రం గుర్తుపడుతోందా నిన్ను?” అన్నాడు దర్జీ.

“నా చేతిలో మిఠాయి పొట్లాన్ని గుర్తుపడుతుందిలే, చాలదూ!”

నర్సు కళ్ళు తెరవకుండానే నవ్వింది. లాంచీ గట్టు వదిలింది. చుక్కాని చక్రం చేతికి రాగానే సరంగు మామయ్య గొంతు మారిపోయింది. నిన్న హాల్లో నీళ్ళు నమిలిన మనిషి ఇతనేనా అనిపించింది. ఈ నర్సు ఏ వార్డులో పని చేస్తుందో, దర్జీ కొడుకు ఏ పరీక్ష తప్పాడో, నది ఏ నెలలో ఏ గట్టుని కొరుకుతుందో, అన్నీ ఒక పాటలా చెప్పుకుంటూ పోయాడు. ఒక చెయ్యి చక్రం మీద ఉంది, రెండోది గాల్లో ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా విశాలంగా సాగుతోంది. వదిన మాటలు వినడం మానేసి ఆ చెయ్యిని చూస్తోంది. తర్వాత నీళ్ళ వైపు తిరిగి, కళ్ళు సగం మూసింది.

నేనూ మూసి చూశాను. మంచులో పడవలు కరిగిపోయాయి. చెట్లు కరిగిపోయాయి. వెనక ఒక గట్టు, నల్లటి నూలు పోగులా. ముందు ఇంకో పోగు. మధ్యలో ఎంతో తెలుపు. ఇంత తెలుపు ఎవరు దాటగలరు అనిపించేంత తెలుపు.

“మామయ్యా, వంతెన ఎటు?” వదిన అడిగింది.

“ఎగువన. ఇక్కణ్ణుంచి కనబడదు తల్లీ. మంచు లేకపోయినా కనబడదు.”

“ఎప్పుడూ?”

“చిన్నప్పటి నుంచీ ఇదే నదిలో తిరిగావు, నీకు తెలీదూ? రెండు వంపులు తిరగాలి.”

ఆమె దిగేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “కనబడని దాన్ని తెచ్చి పక్కన పెట్టాను. చూశావా?” అంది.

తర్వాతి రోజుల్లో మా ఇంట్లో లెక్కలు జరిగాయి. ఈసారి వదిన అడిగితే అన్నయ్య వేశాడు. నది వెడల్పుని తెర వెడల్పంత చేస్తే, అదే కొలతలో వంతెన ఎక్కడ పడుతుంది? అన్నయ్య కాగితం మీద ఒకటికి రెండుసార్లు వేసి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“నీ వంతెన తెర మీద పట్టదు. గోడ మీద పట్టదు. హాల్లోనే పట్టదు.”

“మరెక్కడ?”

“వెళ్ళి చూసి రావలసిందే.”

ఇద్దరూ టేపు పట్టుకుని వెళ్ళారు. ఖాళీ హాల్లో, కాపలా మనిషి అనుమానంగా చూస్తుండగా, తెర దగ్గర మొదలుపెట్టి కుర్చీల మధ్యగా, తలుపు దాటి, ఆవరణలోకి కొలుచుకుంటూ పోయారు. తిరిగి వచ్చాక వదిన మొహంలో ఏదో దూరపు వెలుగు ఉంది.

ఆమె రెండోసారి చేసిన స్లైడు మీద నిజంగానే ఏమీ లేదు. ఎడమ అంచున ఒక నల్లటి సన్న గీత, దాని మీద చీమలంత మనుషులు కొందరు. కుడి అంచున ఇంకో గీత. మధ్యలో అంతా తెలుపు. శీర్షిక కూడా లేదు. హాల్లో కిటికీలు పెద్దవి, పగటి వెలుగు బాగా వస్తుంది కాబట్టి నీలం కూడా తీసేసింది. వెలుతురులో నిలబడేది నలుపొక్కటే అంది.

మామయ్య వదిన ఆఫీసుకి వచ్చి, మెట్ల పక్క గదిలో అది చూసి కుర్చీలో కూలబడ్డాడు.

“ఒక్కటేనా? అందులోనూ ఏమీ లేదే! పోయినసారి చుక్కలైనా ఉన్నాయి.”

“ఇది నిండుగా ఉంది మామయ్యా. ఈ గట్టున నిలబడి మాట్లాడు.”

ఆయన తెర ఎడమ అంచున నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు, దగ్గాడు. “నిలబడి నాకు మాట రాదు తల్లీ. నడుపుతుంటే వస్తుంది.”

“అయితే నడుపు.”

ఆయన అర్థం కానట్టు చూశాడు. తర్వాత కుడి గట్టు వైపు ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. ప్రొజెక్టర్ వెలుగులో ఆయన నీడ ఆ తెలుపు మీద లాంచీలా కదిలింది. మధ్యకి వచ్చేసరికి చెయ్యి లేచింది, గొంతు లేచింది. వదిన చివరి కుర్చీలో కూర్చుని ఊపిరి బిగబట్టి వింటోంది. కళ్ళు మాత్రం పూర్తిగా తెరిచే ఉంచింది.

రెండో సమావేశం నాడు ఎండ బాగా కాసింది. ఈసారి అన్నయ్య కూడా మాతో వచ్చాడు. హాల్లో ఫ్యాను రెక్కల నీడలు నేల మీద ఈదుతున్నాయి. మాకు ముందు ఎవరో తమ పథకం గురించి స్లైడు మీద స్లైడు వేస్తూ చదువుతూనే ఉన్నారు. సభ్యుల కళ్ళు మూతలు పడుతున్నాయి. మా వంతు వచ్చింది. తెర తెల్లబడింది.

“ప్రొజెక్టర్ పని చేస్తోందా అమ్మా?” అన్నాడు కళ్ళజోడు సభ్యుడు.

“చేస్తోందండీ. అది నది” అంది వదిన.

సరంగు మామయ్య ఎడమ గట్టు నుంచి బయలుదేరాడు. లాంచీ వేగంతోనే నడిచాడు. ఈ గట్టున నర్సు ఎక్కింది, ఈమె రాత్రంతా మీ ఆసుపత్రిలో మీవాళ్ళకే మందులిచ్చింది, ఇప్పుడు ఇంటికెళ్ళి పిల్లాణ్ణి లేపాలి. ఇదిగో దర్జీ, మెషీను తలతో సహా. ఇదిగో ముసలమ్మ, జాగ్రత్త, కర్ర కాలికి తగులుతుంది. ఇక్కడ నీరు సుడి తిరుగుతుంది, కొంచెం ఎడంగా పోవాలి. సభ్యులు ఆయన్నే చూస్తున్నారు. ఎవరో అనుకోకుండా కాళ్ళు వెనక్కి లాక్కున్నారు, నీళ్ళు తగులుతాయన్నట్టు. కుడి గట్టు చేరాక ఆయన ఆగి, “దించేశాను. ఇంతే నా పని” అన్నాడు.

వెనక్కి లాక్కున్న కాళ్ళు మళ్ళీ ముందుకి వచ్చాయి.

“బాగుంది” అన్నాడు కళ్ళజోడు సభ్యుడు. “కానీ పోయినసారి వంతెన ఉంది. ఈసారి లేదు. దాచేశారా?”

మామయ్య వదిన వైపు చూశాడు. వదిన లేచింది. నలుగురిలో లేచి మాట్లాడ్డం ఆమెకి నాకంటే కష్టం.

“దాచలేదండీ. ఈ కొలతలో తెర మీద పట్టలేదు.”

“మరెక్కడ ఉంది?”

“తెర ఈ నది వెడల్పు అనుకుంటే, నది ఇలా మీ వైపుగా ఉంటుంది. మీరు కూర్చున్నది నదిలో. వంతెన మీ వెనక, ఎగువన. కిటికీలోంచి గేటు దగ్గర ఎర్ర గొడుగు కనబడుతోందా అండీ?”

కుర్చీలు కిర్రుమన్నాయి. సభ్యులు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. అధ్యక్షురాలు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎండలో, పొడవాటి ఆవరణకి ఆ చివర, గేటు పక్కన వేలెడంత మనిషి ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. కిటికీలో తలలు కనబడగానే గొడుగు అటూ ఇటూ ఊపింది.

“అది వంతెన” అంది వదిన.

“అంత దూరమా?” కళ్ళజోడు సభ్యుడు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. “అంటే ఈ గట్టు మీద మనిషి అక్కడి దాకా వెళ్ళి, అక్కడ దాటి, మళ్ళీ అక్కణ్ణుంచి…” ఆయన వేలు గేటు దాకా వెళ్ళి, తిరిగి తెర కుడి అంచు దాకా వచ్చి ఆగింది. తర్వాత వదిన వైపు తిరిగాడు. “కానీ ఇదీ గారడీయే కదమ్మా? పోయినసారి రెండు వేళ్ళు, ఈసారి ఆవరణంత. కొలత నీ చేతిలో ఉంది, ఎంత కావాలంటే అంత సాగదీస్తావు.”

వదిన తెర మీది ఖాళీని ఒకసారి చూసింది.

“నిజమేనండీ. కారులో వెళ్ళేవాళ్ళకి పోయినసారి బొమ్మ చాలు. వాళ్ళకది నిజంగా రెండు వేళ్ళ దూరమే. కానీ లాంచీ ఎక్కేవాళ్ళకి కార్లు లేవు. మీరు తేల్చబోయేది వాళ్ళ సంగతి కాబట్టి ఈసారి వాళ్ళ కాళ్ళతో కొలిచాను. మొదటే అలా కొలవాల్సింది.”

అధ్యక్షురాలు ఇంకా కిటికీ దగ్గరే ఉంది. “ఆ అమ్మాయి ఎంతసేపటి నుంచి ఎండలో నిలబడింది?” అని అడిగింది.

“వంతెన కదండీ, కదలడానికి వీల్లేదు” అన్నాడు మామయ్య.

హాలంతా నవ్వింది. కళ్ళజోడు సభ్యుడు కూడా.

వాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. మమ్మల్ని బయట కూర్చోమనలేదు. మా ఎదురుగానే, అర్థమయ్యీ కానంత మెల్లగా. చివరికి అధ్యక్షురాలు చెప్పింది. పొద్దునా సాయంత్రమూ లాంచీ నడుస్తుంది. మధ్యాహ్నం మాత్రం ఆపేస్తారు.

“మధ్యాహ్నం ముసలివాళ్ళు దాటుతారమ్మా” అన్నాడు మామయ్య. “ఎండపూట, డాక్టరు దగ్గరికి.”

“వాళ్ళని పొద్దున్నే రమ్మనండి. మా చేతిలో ఉన్నంత వరకు ఇచ్చాం.” ఆవిడ గొంతులో కాఠిన్యం లేదు, కానీ మాట మారలేదు.

మామయ్య నమస్కారం పెట్టాడు. ఆయన సంతోషించాడో బాధపడ్డాడో ఆయన మొహంలో నాకు కనిపించలేదు. నది మొహం లాంటి మొహం అది. వదిన ప్రొజెక్టర్ ఆపింది. తెర మీది తెలుపు పోయి, మామూలు బట్ట మిగిలింది.

మెట్లు దిగి ఆవరణలోకి వచ్చాం. గేటు దగ్గర ఎర్ర గొడుగు ఇంకా కదలకుండా నిలబడి ఉంది. లోపల ఏమైందో ఆమెకి తెలియదు. అన్నయ్య గబగబా నడవబోతే మామయ్య భుజం పట్టుకుని ఆపాడు.

“నెమ్మదిగా అల్లుడుగారూ. ఎదురు నీరు.”

నలుగురం నెమ్మదిగానే నడిచాం. ఎండలో ఆవరణ మసకమసకగా కదులుతోంది. రాలిన ఆకులు పక్కగా కొట్టుకుపోతున్నట్టున్నాయి. ఎంత నడిచినా గేటు దగ్గరవడం లేదు. మామయ్య మధ్యలో ఆగి, వెనక్కి, హాలు కిటికీల వైపు చూశాడు. “మధ్యాహ్నం పోయింది తల్లీ” అన్నాడు వదినతో.

“పోయింది మామయ్యా. మొదటి బొమ్మ సరిగ్గా గీసుంటే అదీ ఉండేదేమో.”

“అప్పుడు నేను నోరు విప్పేవాణ్ణి కాదు” అని ఆయన మళ్ళీ నడక సాగించాడు.

గేటు దగ్గరికి చేరేసరికి నర్సు మొహం చెమటతో ఎర్రబడి ఉంది. గొడుగు దించలేదు, దించొచ్చో లేదో తెలియనట్టు. మా మొహాలు ఒక్కొక్కటే వెతికి చూసింది. అడగడానికి భయపడి, చివరికి అడిగింది.

“ఏమైంది సరంగు మామయ్యా?”

మామయ్య ఆమె చేతిలోంచి గొడుగు తీసుకుని మడిచాడు.

“పొద్దున్న డ్యూటీ దిగాక నేరుగా రేవుకి రా అమ్మాయ్” అన్నాడు. “ఉంటాను.”